తల్లి కడుపు చల్లగా
(యల్లాప్రగడ సుబ్బారావు జీవితం)

హైదరాబాదులో బేగంపేట పేరు చెప్పగానే విజ్ఞానశాస్త్రం చదువుకున్నవారికి సర్ రోనాల్డ్ రాస్ జ్ఞప్తికి వస్తాడు. 1897 ఆగస్టు 20వ తేదీన ఆ ప్రాంతంలోని ఒక చిన్న భవనంలో, సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన గుర్తించాడు. పాత విమానాశ్రయం చెంత నేటికీ నిలిచి ఉన్న ఆ భవనాన్ని ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చూపించి, ఆ కథ చెబుతూ ఉంటారు. అది చెప్పవలసిన కథే.

అయితే అదే బేగంపేటలోను, ఇరుగుపొరుగున ఉన్న అమీర్‌పేట, పంజగుట్టలలోను, ఏ ప్రసూతి వైద్యశాలకు వెళ్లి చూచినా మరొక కథ మౌనంగా నడుస్తూ ఉంటుంది. నెల తప్పిన ఇల్లాలు వైద్యురాలి ఎదుట కూర్చుంటుంది. ఆమెకు వ్రాసి ఇచ్చే మందులలో ఒక చిన్న మాత్ర తప్పక ఉంటుంది. దాని పేరు ఫోలిక్ ఆమ్లం. ఇనుముతో కలిపిన అదే మాత్రను మన బడులలో వారానికి ఒకసారి ఉపాధ్యాయులు స్వహస్తాలతో బాలబాలికలకు పంచుతున్నారు. ఇచ్చేవారికి గాని, పుచ్చుకునేవారికి గాని, ఆ మాత్ర వెనుక భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడి జీవితం ఉన్నదని తెలియదు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం విరమించవలసి రాగా, కుటుంబం ఇబ్బందుల పాలయింది. పిల్లవానికి చదువుమీద శ్రద్ధ లేదు. పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుణ్ణి కావాలని బయలుదేరాడు. మార్గమధ్యంలోనే పట్టి తెచ్చారు. వెంకమ్మగారు పట్టుదల గల ఇల్లాలు. కొడుకును మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు. ఈనాడు పరీక్ష తప్పి దిగులుపడే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

ఈ నడుమ తండ్రి కన్నుమూశారు. కుమారుని చదువుకోసం తల్లి తన ఒంటిమీది బంగారాన్ని, మంగళసూత్రంతో సహా, అమ్మవలసి వచ్చింది. ఆ సొమ్ముతో మద్రాసు చేరిన సుబ్బారావుకు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా రామకృష్ణ మఠంపై మనసు పోయింది. సన్యసించి సేవలో జీవితం గడపాలని ఆయన ఉద్దేశం. తల్లి అనుమతి ఇవ్వలేదు. అనుమతి లేనిదే మఠంవారు చేర్చుకోలేదు. సేవచేయడానికి వైద్యం కూడా మార్గమేనని తలచి ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహం జరిగింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువుకు ఆదరువు అయినారు.

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమ్రోగిన రోజులు. సుబ్బారావు ఖద్దరు వస్త్రాన్ని కుట్టించుకొని శస్త్రచికిత్స తరగతికి ధరించి పోయారు. ఆంగ్ల ఆచార్యునికి అది రుచించలేదు. తుదిపరీక్షలలో మిగిలిన విషయాలన్నీ బాగుగా వ్రాసినా, శస్త్రచికిత్సలో దెబ్బ తగిలి, పూర్తి పట్టం ఎం.బి.బి.ఎస్. కు బదులు అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశించాలనే ఆశ అంతటితో ముగిసింది. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు.

అంతకంటె లోతైన గాయం ఇంటిలోనే తగిలింది. కొద్దిరోజుల తేడాలో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. మనవారు గ్రహణి అని చెప్పుకునే జబ్బులకు దగ్గరి బంధువు అది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణించిపోతుంది, మనిషి చూస్తుండగానే ఎండిపోతాడు. ఆనాటి వైద్యశాస్త్రం వద్ద దానికి మందు లేదు. వైద్యుడై ఉండికూడ తోబుట్టువులను దక్కించుకోలేకపోయిన బాధ సుబ్బారావు హృదయంలో నాటుకున్నది. ఉష్ణమండల వ్యాధులను మూలం నుండి నేర్చుకోవాలని నిశ్చయించుకొని, మామగారి సహాయంతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ధనంతోను 1923లో సముద్రయానం చేశారు. ఆ అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరం చేరారు.

అప్పటికి శేషగిరిగారు గర్భవతి. భర్త వెళ్లిన తరువాత మగపిల్లవాడు పుట్టాడు. ఆ బిడ్డ శైశవంలోనే మరణించాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రానూ లేదు. ఆయన జీవితాన్ని తలచుకునేటప్పుడు ఈ సంగతిని దాటవేయడం న్యాయం కాదు. లోకం పొందిన లాభంలో, ఇక్కడ ఎదురుచూస్తూ ఉండిపోయిన ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యం కూడా ఉన్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరినప్పటికీ భారతీయ పట్టంతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. చదువుకుంటూనే పొట్ట పోసుకోవడం కోసం ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరారు. పగలు ప్రయోగశాల, రాత్రి ఆ పని. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని కింద జీవరసాయనశాస్త్రంలో కృషి ప్రారంభించి, రక్తంలోను మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని కనుగొన్నారు. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది.

కొలబద్ద చేతికి రాగానే కొత్త వస్తువులు కంటబడ్డాయి. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఆ పిమ్మట ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వారు వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ ఏడాదే స్వతంత్రంగా ఏ.టి.పి. ని కనుగొన్నాడు. మనం చేయి కదపడానికి, గుండె కొట్టుకోవడానికి, తల్లి గర్భంలో ఒక కణం రెండు కణాలు కావడానికి చెల్లించవలసిన శక్తి ఈ ఏ.టి.పి. రూపంలోనే చెల్లుబాటు అవుతుంది. నాణెం లేనిదే బజారు నడవనట్లు, ఇది లేనిదే జీవకణం నడవదు. ఇంతటి పని చేసి 1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభించలేదు. కీర్తికోసం ముందుకు త్రోసుకుపోయే స్వభావం ఆయనకు లేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. 1942లో అక్కడి పరిశోధనలన్నింటికీ అధిపతి అయినారు.

ఇక్కడ మన కథ కొంతసేపు బొంబాయికి మరలవలసి ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి బట్టలమిల్లులలో పనిచేసే స్త్రీలను పరీక్షించింది. గర్భవతులైన ఆ పేదస్త్రీలలో అనేకులు తీవ్రమైన రక్తహీనతతో బాధపడుతున్నారు, కొందరు మరణిస్తున్నారు. వారి రక్తంలో ఎర్రకణాల సంఖ్య తక్కువ, ఒక్కొక్క కణం పరిమాణం ఎక్కువ. ఇనుము ఇచ్చినా కుదరలేదు. కాలేయపు సారం ఇస్తే కుదిరింది. అంతకంటె చౌకగా, ఈస్టుతో తయారైన మార్మైట్ అనే ఆహారపదార్థం ఇచ్చినా కుదిరింది. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. ఈస్టులోను, కాలేయంలోను దాగి ఉన్న ఆ వస్తువు ఏదో ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఇటువంటి వస్తువునే తీసి, లాటిన్ భాషలో ఆకు అనే అర్థం వచ్చేటట్లు ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. కాని చిటికెడు మందు కావాలంటే బండ్లకొద్ది ఆకు కావాలి. దాని నిర్మాణం తెలిసి, కృత్రిమంగా తయారైతే తప్ప అది మందు కాజాలదు.

ఆ పని సుబ్బారావు నాయకత్వాన సాగింది. కాలేయంలో రక్తహీనతను పోగొట్టే వస్తువు ఒకటి ఉన్నదని, దానిని పట్టుకోవాలని ఆయన హార్వర్డులో ఉన్న కాలం నుండి వెతుకుతూనే ఉన్నారు. లెడర్లీలోను, దాని మాతృసంస్థ అయిన అమెరికన్ సైనమిడ్‌లోను ఉన్న రసాయనికుల పెద్ద బృందం కొన్నేళ్లు శ్రమించి ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని విప్పి, 1945లో దాని సంయోజనాన్ని ప్రకటించింది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. సుబ్బారావు మొదట వెతికింది వేరొక రక్తహీనతను మాన్పే వస్తువు కోసం. అది బి-12 విటమిన్‌గా 1948లో ఇతరుల చేతికి చిక్కింది. ఆయనకు చిక్కినది గర్భవతుల రక్తహీనతను, స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతను మాన్పే వస్తువు. తన సోదరులను పొట్టనబెట్టుకున్న జబ్బుకు మందు, వారు పోయిన పాతికేళ్లకు, ఆయన బృందం చేతిలో తయారయింది.

గర్భవతులకే ఈ వస్తువు ఇంత అవసరం ఎందుకు అయింది? విద్యార్థులు దీనిని కొంచెం నిదానంగా గ్రహించాలి. పురుషుని శుక్రకణం స్త్రీ అండంతో కలిసిన క్షణాన ఏర్పడేది ఒకే ఒక కణం. అది రెండై, నాలుగై, ఎనిమిదై, తొమ్మిదినెలలలో కోటానుకోట్ల కణాల శిశువు అవుతుంది. కణం రెండుగా చీలేముందు తనలోని వంశసూత్రాన్ని, అంటే డి.ఎన్.ఏ. ని, రెండవ ప్రతి తీసుకోవాలి. ఆ ప్రతి వ్రాయడానికి కావలసిన అక్షరాలలో ఒకటైన థైమిన్ తయారుకావడానికి ఫోలిక్ ఆమ్లం తోడ్పడాలి. అది లేకపోతే కణం పెరుగుతుందే కాని చీలదు. బొంబాయి స్త్రీల రక్తకణాలు పెద్దవిగా ఉండడానికి కారణం ఇదే. గర్భం ధరించిన స్త్రీ శరీరంలో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. గర్భాశయం పెరుగుతుంది. మావి పెరుగుతుంది. శిశువు పెరుగుతుంది. ఇన్నింటికీ ఒకే నిల్వ నుండి సరఫరా జరగాలి. నిల్వ చాలకపోతే మొదట నష్టపోయేది తల్లి.

ఈ పెరుగుదలను నడిపేవి హార్మోనులు. అండం ఫలించిన సుమారు వారానికి ఆ పిండం గర్భాశయపు గోడలో నాటుకుంటుంది. దాని వెలుపలి పొర, ముందుముందు మావిగా మారవలసినది, హెచ్.సి.జి. అనే హార్మోనును తల్లి రక్తంలోకి విడుదల చేస్తుంది. అది అండాశయానికి చేరే వర్తమానం వంటిది. ఆ వర్తమానం అందినంతవరకు అండాశయంలోని కార్పస్ లూటియం అనే పచ్చని గ్రంథి ప్రొజెస్టిరాన్ అనే మరొక హార్మోనును ఇస్తూనే ఉంటుంది, గర్భాశయపు లోపలి పొర ఊడిపోకుండా నిలుస్తుంది, నెలసరి ఆగిపోతుంది. రెండు మూడు నెలలకు మావి తానే ఆ బాధ్యత వహిస్తుంది. మూత్రంలో ఈ హెచ్.సి.జి. కనబడితే స్త్రీ గర్భవతి అని నిర్ధారించే పరీక్షను 1920ల చివర బెర్లినులో ఆషైమ్, జోండెక్ అనే ఇద్దరు వైద్యులు కనిపెట్టారు. ఆనాడు అందుకు ఎలుకలు కావలసి వచ్చేవి. ఈనాడు మందులదుకాణంలో దొరికే చిన్న పట్టీ చాలును.

ఇక మళ్లీ సుబ్బారావు వద్దకు వద్దాం. బోస్టనులో పిల్లల వైద్యుడైన సిడ్నీ ఫార్బర్, రక్తపుకాన్సర్ సోకిన బిడ్డలకు ఫోలిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఇచ్చి చూడగా వ్యాధి మరింత విజృంభించింది. అప్పుడు ఒక ఆలోచన తట్టింది. ఈ ఆహారంతో కాన్సర్ కణం పెరుగుతున్నదంటే, ఆహారం వలె కనబడి ఆకలి తీర్చని వస్తువును దానికి అందిస్తే ఏమవుతుంది? లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు సహచరులు ఫోలిక్ ఆమ్లం రూపాన్ని స్వల్పంగా మార్చి అమినోప్టెరిన్ అనే వస్తువును తయారుచేశారు. కణం దానిని నిజమైనదని నమ్మి స్వీకరించి, చీలలేక నిలిచిపోతుంది. 1948 జూనులో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించాడు. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా నెమ్మదించింది. అంతవరకు ఆ వ్యాధి సోకిన బిడ్డకు ఆశ అనేదే లేదు. అమినోప్టెరిన్‌కు సోదరి వంటిదే, కొంచెం సౌమ్యమైనదే, మెథోట్రెక్సేట్.

దోమలు మోసుకువచ్చే బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక క్రిములను చంపే ఆరియోమైసిన్ కూడా ఆయన అధిపతిగా ఉన్న కాలంలోనే వెలువడ్డాయి. అయితే 1948 ఆగస్టులో, ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి మరణించారు. ఆయన వయస్సు 53 సంవత్సరాలు. సహచరుల పేర్లు ముందుంచి తాను వెనుక నిలబడే అలవాటు వల్ల, ఆయన చేసినది ఎంతో లోకం అప్పటికి ఎరుగదు. తన మందు తరువాత ఎక్కడెక్కడికి పోతుందో ఆయనా ఎరుగరు.

అది పోయిన చోటులలో ఒకటి మాతృగర్భమే. మావిగా మారవలసిన పొర కొన్ని సమయాలలో దారితప్పి కాన్సర్ అవుతుంది. దానిని కోరియోకార్సినోమా అంటారు. బిడ్డను పోషించవలసిన కణాలే తల్లి ఊపిరితిత్తులకు, మెదడుకు ప్రాకి, నిండు యౌవనంలో ఉన్న స్త్రీని నెలల వ్యవధిలో బలిగొనేవి. ఆ కణాలు మావి స్వభావం మరువవు గనుక హెచ్.సి.జి. ని విడుదల చేస్తూనే ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనాలయంలో పనిచేస్తున్న మిన్ చియు లీ అనే చైనా దేశీయ వైద్యుడు, రాయ్ హెర్ట్జ్ మొదలైనవారు ఇట్టి రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చి, 1956లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తులలోని గడ్డలు కరిగిపోయాయి. శరీరంలోని అవయవాలకు ప్రాకిన గట్టి కాన్సర్ గడ్డను కేవలం మందుతో పూర్తిగా మాన్పడం అదే ప్రథమం.

లీ మరొక అడుగు వేశాడు. ఎక్స్‌రేలో గడ్డ కనబడకపోయినా, మూత్రంలో ఆ హార్మోను కనబడుతున్నంతకాలం మందు ఆపరాదని పట్టుబట్టాడు. ఆరోగ్యవంతురాలిగా కనబడుతున్న స్త్రీకి విషతుల్యమైన మందు ఇంకా ఇవ్వడం తప్పని పైవారు భావించారు. ఆయన ఆ ఉద్యోగం విడవవలసి వచ్చింది. కాలం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. హార్మోను పూర్తిగా అదృశ్యమయ్యేవరకు మందు తీసుకున్నవారికి వ్యాధి తిరిగి రాలేదు. నేడు ఈ జాతి కణితులు సోకిన స్త్రీలలో నూటికి తొంభైమందికి పైగా స్వస్థులవుతున్నారు. వారిలో అనేకులు తిరిగి గర్భం ధరించి బిడ్డలను కన్నారు. గర్భాశయం వెలుపల నాళంలో పిండం నాటుకొని ప్రాణాపాయం కలిగినప్పుడు కూడా, తగిన సమయంలో గుర్తిస్తే, ఇదే మందుతో శస్త్రచికిత్స లేకుండానే తల్లిని కాపాడడం సాధ్యమైనది. అయితే పిండాన్ని పెరగనీయని మందు గనుక, మామూలుగా గర్భవతులకు దీనిని దగ్గరకు రానీయరు.

ఇక బిడ్డ సంగతి. వెన్నుపాముకు, మెదడుకు మూలమైన నాడీనాళం గర్భం ధరించిన నాలుగు వారాలలోపే మూసుకోవాలి. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా తెలియదు. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలి పుడుతుంది. కొన్నిసార్లు మెదడే ఏర్పడదు. ఇటువంటి కాన్పు ఒకసారి జరిగిన స్త్రీలకు మరల గర్భానికి ముందు నుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ ప్రమాదం నూటికి 72 వంతులు తగ్గుతున్నదని బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి 1991లో నిరూపించింది. ఆకుకూరలు, పప్పుధాన్యాలు నిత్యం తినాలని, బిడ్డను కోరుకునే స్త్రీ నెల తప్పకముందే ఈ మాత్ర ఆరంభించాలని వైద్యులు చెప్పడంలోని ఆంతర్యం ఇది. మన దేశంలో గర్భవతులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే పథకం 1970లో ఆరంభమైనది. ఒక్కొక్క మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం అర మిల్లీగ్రాము మాత్రమే.

బడిలో నీలిరంగు మాత్రను పంచే ఉపాధ్యాయులకు తరచు ఒక అనుభవం ఎదురవుతుంది. పిల్లలు ముఖం చిట్లిస్తారు. కొందరు మింగినట్లు నటించి కిటికీ బయట పారవేస్తారు. వారిని కోప్పడడానికి ముందు ఈ కథ చెప్పి చూడవచ్చును. మంగళసూత్రం అమ్మి చదివించిన ఒక తల్లి, రెండుసార్లు పరీక్ష తప్పిన ఒక కుర్రవాడు, మందులేని జబ్బుకు కన్నుమూసిన ఇద్దరు సోదరులు, బొంబాయి మిల్లులలో పాలిపోయిన గర్భవతులు, ఆ అర మిల్లీగ్రాములో ఇమిడి ఉన్నారు. తరగతిలోని ఆడపిల్లలలో రేపటి తల్లులు ఉన్నారు. రక్తం పుష్టిగా ఉన్న బాలిక పుష్టిగల తల్లి కాగలదు. మగపిల్లలకు కూడా ఇది తెలియాలి. తల్లి ఆరోగ్యం తల్లి ఒక్కదాని బాధ్యత కాదు.

1995లో ఆయన శతజయంతికి భారత తపాలాశాఖ ఒక బిళ్ల వెలువరించింది. అంతకుమించి జనసామాన్యంలో ఆయన పేరు ప్రచారం పొందలేదు. మనవారు మేలు చేసినవారిని దీవించేటప్పుడు నీ తల్లి కడుపు చల్లగా అంటారు. సుబ్బారావు తన కన్నబిడ్డను చూచుకోలేకపోయారు. శేషగిరిగారి ఒడి నిండి, వెంటనే ఖాళీ అయింది. కాని బేగంపేటలోనైనా, భీమవరంలోనైనా, ఈనాడు ఒక బిడ్డ వెన్ను నిటారుగా, నిండు రక్తంతో పుట్టి ఏడ్చినప్పుడు, అందులో ఆయన పాలు కొంత ఉన్నది. రాస్ భవనం చూడడానికి విద్యార్థులను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు, తిరుగుదారిలో ఏ ప్రసూతి వైద్యశాల ముందైనా ఒక్క నిమిషం ఆగి, ఈ రెండవ కథ కూడా చెప్పడం ఉచితం.